తెలిసిన బగ్‌ల జాబితా ఎవరి సొత్తు?

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ ఏజెంటు కొట్టు నుంచి ఫోన్. మాట్లాడింది అక్కడ ముప్ఫై ఏళ్ళుగా పద్దులు రాస్తున్న గుమాస్తాగారు. అప్పట్లో నేను హైదరాబాదులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో కొత్తగా చేరాను. మేం అమ్మే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌తో ఎవరికైనా ఇబ్బంది వస్తే ఫోన్లో జవాబు చెప్పడం నా పని. "రోజు మొత్తంలో 640 రూపాయలు తేడా వస్తోందమ్మా. టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క సరిపోయింది. బిల్లులు ఒక్కొక్కటే కూడి చూశాను, అవీ సరిపోయాయి. మొత్తం మాత్రం కలవడం లేదు. మూడు రాత్రులుగా కొట్లోనే కూర్చుంటున్నాను" అన్నారు.

ఆయన చెబుతుండగానే మా లోపలి బగ్‌ల జాబితాలో, అంటే సాఫ్ట్‌వేర్‌లో ఉన్నట్టు మాకు తెలిసిన తప్పుల చిట్టాలో, వెతికాను. దొరికింది. రద్దు చేసిన బిల్లును అదే రోజు మళ్ళీ ఎక్కిస్తే, హమాలీ ఖర్చు రోజు మొత్తంలో రెండుసార్లు పడుతోంది. ఐదు నెలల కిందటే మా టెస్టర్ పట్టుకున్నాడు. పక్కన "తర్వాతి వెర్షన్‌లో చూద్దాం" అని రాసి ఉంది. టీమ్ లీడ్‌ని పిలిచి స్క్రీన్ చూపించాను. ఆయన వద్దన్నట్టు తల ఊపి, నా ముందున్న కాగితం మీద ఒక వాక్యం దగ్గర వేలు పెట్టారు. అదే చదివాను: "ఇలాంటి కంప్లయింట్ ఇంకెక్కడి నుంచీ రాలేదండీ. మీ ఎంట్రీలు ఒకసారి మళ్ళీ చూసుకోండి."

అవతల కాసేపు మాట లేదు. తర్వాత "అయితే నాదే పొరపాటు అయ్యుంటుందిలేమ్మా" అని ఫోన్ పెట్టేశారు.

ఆ బగ్‌ని తర్వాత సరిచేశారు. ఆయన అన్న మాట మాత్రం నన్ను వదల్లేదు. తెలిసిన బగ్‌ల జాబితాను కంపెనీలు బయటపెట్టాలా వద్దా అన్న చర్చ వచ్చినప్పుడల్లా కంపెనీ పరువు గురించీ, హ్యాకర్ల భయం గురించీ మాట్లాడతారు. రెండూ ఆలోచించాల్సినవే. కానీ ఫోన్‌కి అవతల కూర్చున్న మనిషి సంగతి ఆ చర్చలోకి రావడమే తక్కువ.

ముందు ఒక చిక్కు విప్పాలి. "బగ్‌ల జాబితా" అని అందరం ఒకే మాట వాడతాం గానీ, కంపెనీ లోపల అలాంటివి మూడు ఉంటాయి. మొదటిది ట్రాకర్. టెస్టర్లు, డెవలపర్లు, క్లయింట్లు పెట్టిన ప్రతి టికెట్టూ అందులో పడుతుంది. ఒకే తప్పు పదిసార్లు ఉంటుంది. వాడేవాళ్ళకు అర్థం కాక పెట్టినవి ఉంటాయి. "మా దగ్గర రావడం లేదు" అని మూసేసినవి ఉంటాయి. రెండోది సపోర్ట్ వాళ్ళ దగ్గరుండే జాబితా. అందులో చెత్త ఉండదు. ఏం కనిపిస్తుంది, ఎందుకు వస్తోంది, సరిచేసేలోపు ఎలా తప్పించుకోవాలి అన్నవి మాత్రమే ఉంటాయి. మూడోది, కొత్త వెర్షన్‌తో పాటు రిలీజ్ నోట్స్ చివర వేసే నాలుగైదు వాక్యాలు. ఎవరికీ కోపం రాకుండా తుడిచి తుడిచి రాసినవి.

బయటపెట్టకూడదనే వాళ్ళు మొదటిదాన్ని మనసులో పెట్టుకుని మాట్లాడతారు. వేల టికెట్ల గోడౌన్ తెరిస్తే ఎవరికి ఉపయోగం, ఊరికే భయపెట్టడం తప్ప అంటారు. అడిగేవాళ్ళకు కావాల్సింది రెండోది. నేను చేసిన ఉద్యోగంలో నా కళ్ళ ముందు ఉన్నది అదే. గోడౌన్ తలుపు తెరిచినా కొంప మునగదని చూపించినవాళ్ళు కూడా ఉన్నారు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసి ఉచితంగా ఇచ్చే డెబియన్ బృందం 1997లో రాసుకున్న సామాజిక ఒప్పందంలోనే "సమస్యలను దాచం" అన్న హామీ ఉంది. వాళ్ళ బగ్‌ల చిట్టా అప్పటి నుంచీ ఎవరైనా చూడొచ్చు. దాంట్లో బగ్‌ల వరుస సంఖ్య 10 లక్షలు దాటింది. అయినా ప్రపంచంలో లెక్కలేనన్ని సర్వర్లు డెబియన్ మీదా, దాని నుంచి పుట్టిన వాటి మీదా నడుస్తూనే ఉన్నాయి.

ఇక పరువు సంగతి. "ఇంటి గుట్టు మనమే బయట పెట్టుకుంటామా?" అని మా మేనేజర్ అనేవారు. గుట్టు దాచి నష్టపోయిన కంపెనీ కథల్లో నాకు బాగా గుర్తుండేది ఇంటెల్ పెంటియం ప్రాసెసర్ కథ. 1994 జూన్‌లో అమెరికాలోని లించ్‌బర్గ్ కాలేజీ లెక్కల ప్రొఫెసర్ థామస్ నైస్లీ కవల ప్రధాన సంఖ్యల మీద పనిచేస్తున్నారు. లెక్కలో ఎక్కడో చిన్న తేడా. ఆయన కూడా మొదట తన ప్రోగ్రామ్‌నే అనుమానించారు. తర్వాత కంపైలర్‌ని, ఆ తర్వాత మదర్‌బోర్డుని. ఒక్కొక్కటీ పక్కన పెట్టుకుంటూ వచ్చేసరికి అక్టోబరు అయింది. తప్పు ప్రాసెసర్‌లోనే ఉంది. 4195835ని 3145727తో భాగిస్తే 1.33382 రావాలి. పెంటియం 1.33373 అని చెప్పేది. భాగహారం కోసం చిప్ లోపల ఉన్న పట్టికలో నింపాల్సిన 1,066 గడుల్లో ఐదు ఖాళీగా మిగిలిపోయాయని ఇంటెల్ చెప్పింది. కారణం అంతే.

ఈ తప్పు ఇంటెల్ ఇంజినీర్లకు ఆ వేసవిలోనే తెలుసు. కొత్తగా తయారయ్యే చిప్‌లలో సరిచేయడం మొదలుపెట్టారు, ఎవరికీ చెప్పలేదు. ప్రొఫెసర్ నెలల తరబడి తన ప్రోగ్రామ్‌లో తప్పు వెతుక్కున్న కాలమంతా జవాబు వాళ్ళ దగ్గరే ఉంది. విషయం బయటికొచ్చాక కూడా, మామూలుగా వాడేవారికి ఇది 27,000 ఏళ్ళకు ఒకసారి ఎదురవుతుందని కంపెనీ లెక్క చెప్పింది. చిప్ మార్చాలంటే అవసరం ఏమిటో చూపించమంది. జనం మండిపడ్డారు. డిసెంబరు 12న ఐబీఎం ఆ చిప్ ఉన్న కంప్యూటర్ల సరఫరా ఆపేసింది. డిసెంబరు 20న ఇంటెల్ దిగొచ్చి, అడిగిన ప్రతివారికీ మార్చి ఇస్తామంది. 47.5 కోట్ల డాలర్లు ఖర్చు రాసుకుంది.

నాకు ముఖ్యమనిపించేది ఆ తర్వాత జరిగింది. ఇవాళ ఇంటెల్ ప్రాసెసర్లకు తెలిసిన తప్పుల పత్రాలు బహిరంగంగా దొరుకుతాయి. వాటిలో పదుల కొద్దీ తప్పులు వరుసగా ఉంటాయి. చాలావాటి పక్కన "సరిచేయబోవడం లేదు" అని కూడా రాసి ఉంటుంది. అది చదివి ల్యాప్‌టాప్ కొనడం మానేసిన మనిషి నాకు ఇంతవరకూ తగల్లేదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే ఎక్సెల్ తెరిచి ఒక గడిలో 60 అని కొట్టండి. దాన్ని తేదీగా మార్చండి. 1900 ఫిబ్రవరి 29 అని వస్తుంది. 1900 లీపు సంవత్సరం కాదు, ఆ రోజు క్యాలెండర్‌లోనే లేదు. లోటస్ 1-2-3 అనే పాత సాఫ్ట్‌వేర్‌తో ఫైళ్ళు కలవాలని ఎక్సెల్ ఆ తప్పును అలాగే తెచ్చుకుంది. ఇప్పుడు సరిచేస్తే కోట్ల షీట్లలో తేదీలు ఒక రోజు జరిగిపోతాయి. అందుకే సరిచేయడం లేదని మైక్రోసాఫ్ట్ తన సహాయ పేజీలో రాసి పెట్టింది. ఎందుకు వదిలేశారో చెబితే జనం అర్థం చేసుకుంటారు.

ప్రాణాలతో పనిపడే చోట కూడా ఇదే చూస్తాం. 2015లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఒక ఆదేశం జారీ చేసింది. బోయింగ్ 787 విమానంలో కరెంటు 248 రోజులు ఆగకుండా ఆన్‌లో ఉంటే జనరేటర్లను నడిపే సాఫ్ట్‌వేర్ ఒక్కసారిగా ఆగిపోవచ్చు, మధ్యలో పూర్తిగా ఆపి మళ్ళీ మొదలుపెట్టండి అని. ఆ సాఫ్ట్‌వేర్ లోపల పెరుగుతూ పోయే ఒక లెక్క 248 రోజులకు తన హద్దును దాటిపోతుంది. ఆ ఆదేశాన్ని ఎవరైనా చదవొచ్చు. చదివిన మెకానిక్ చేయాల్సిన పని కూడా అందులోనే ఉంది.

ఇక భద్రతకు సంబంధించిన బగ్‌లు. ఇక్కడ మాత్రం నేను వెంటనే అంతా బయట పెట్టేయమనను. తెలిస్తే దొంగకు పనికొచ్చే బగ్‌లు వేరు, తెలియకపోతే వాడేవారికి నష్టం చేసే బగ్‌లు వేరు. తాళం పనిచేయడం లేదని వీధి గోడ మీద రాయడానికి ముందు తాళం మార్చాలి. ఈ రంగంలో వాళ్ళు చాలా కాలం తర్జనభర్జన పడి ఒక పద్ధతికి వచ్చారు. ముందు కంపెనీకి రహస్యంగా చెబుతారు, గడువు ఇస్తారు, గడువు దాటితే బయటపెడతారు. గూగుల్‌లోని ప్రాజెక్ట్ జీరో బృందం ఇచ్చే గడువు 90 రోజులు. గడువు లేకపోతే చాలా కంపెనీలు కదలవని అనుభవం మీద తెలిసింది కాబట్టే ఆ గడువు.

అయితే "దాచి ఉంచితే క్షేమం" అన్నది కూడా పూర్తిగా నిజం కాదు. విండోస్‌లో ఉన్న ఒక లోపం అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏకు ముందే తెలుసు. తన అవసరాలకు దాచిపెట్టుకుంది. మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న దాన్ని సరిచేసే ప్యాచ్ ఇచ్చింది. ఏప్రిల్‌లో షాడో బ్రోకర్స్ అనే ముఠా ఎన్‌ఎస్‌ఏ దాచిన సరుకును బయట పడేసింది. మే 12న ఆ లోపాన్ని వాడుకునే వాన్నక్రై అనే వైరస్ మొదలై ప్రపంచమంతా పాకింది. ప్యాచ్ వేసుకోని కంప్యూటర్లు దొరికినచోటల్లా తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా అందులో చిక్కుకున్నాయి. ఇంకో ఉదాహరణ ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లాది. మామూలు బగ్‌లన్నీ బయట పెట్టి, భద్రత బగ్‌లకు మాత్రం తాళం వేసి ఉంచుతుంది. ఆ తాళం వేసిన గదిలోకే ఒకడు దూరి వివరాలు కొట్టేశాడని, అందులో ఒకదాన్ని ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్ళ మీద ప్రయోగించాడని 2015 సెప్టెంబరులో తనే ప్రకటించింది. దాచడం కొన్నాళ్ళకే పనికొస్తుంది. అందుకే గడువు చిన్నదిగా ఉండాలి.

ఇబ్బంది ఏమిటంటే, భద్రత బగ్‌లకు పుట్టిన ఈ జాగ్రత్తను అన్ని బగ్‌ల మీదా కప్పేస్తారు. హమాలీ ఖర్చు రెండుసార్లు పడుతోందని తెలిస్తే ఏ హ్యాకర్ ఏం చేసుకుంటాడు? అది తెలియాల్సింది గుమాస్తాకే.

తెలియాల్సిన వాళ్ళకు తెలియకపోతే ఏమవుతుందో చెప్పడానికి బ్రిటన్ పోస్టాఫీసు ఉదంతం కన్నా పెద్ద సాక్ష్యం లేదు. 1999లో పోస్ట్ ఆఫీస్ సంస్థ తన శాఖలన్నిటిలో హొరైజన్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టడం మొదలుపెట్టింది. తయారీ, నిర్వహణ ఫుజిట్సుది. అక్కడ చాలా చిన్న పోస్టాఫీసులను సబ్ పోస్ట్‌మాస్టర్లు నడుపుతారు, తరచుగా ఊళ్ళో తమ కిరాణా దుకాణంతో పాటే. లెక్కలో డబ్బు తగ్గితే వాళ్ళే కట్టాలని ఒప్పందం.

హ్యాంప్‌షైర్‌లోని సౌత్ వార్న్‌బరో అనే పల్లెటూళ్ళో జో హామిల్టన్ ఒక రోజు లెక్క చూసుకుంటే సుమారు 2,000 పౌండ్లు తక్కువ వచ్చింది. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశారు. వాళ్ళు చెప్పినట్టు బటన్లు నొక్కారు. ఆమె కళ్ళ ముందే 2,000 కాస్తా 4,000 అయింది. కట్టుకుంటూ పోయారు, ఇల్లు తాకట్టు పెట్టారు. చివరికి దొంగతనం కేసు తప్పించుకోవడానికి తప్పుడు లెక్కలు రాశానని ఒప్పుకున్నారు. అలా ఫోన్ చేసిన ఎంతోమందికి హెల్ప్‌లైన్ చెప్పిన జవాబు ఒకటే: ఈ సమస్య మీ ఒక్కరికే వస్తోంది. ఈ మాట మొదటిసారి చదివినప్పుడు నా ముందున్న ఆ కాగితం గుర్తొచ్చి చాలాసేపు వేరే పని చేయలేకపోయాను.

1999, 2015 మధ్య 900 మందికి పైగా ఇలాంటి కేసుల్లో దోషులయ్యారు. కొందరు జైలుకు వెళ్ళారు. ఈ కాలమంతా ఫుజిట్సు సపోర్ట్ సిబ్బంది దగ్గర ఒక జాబితా ఉంది. దాని పేరే "నోన్ ఎర్రర్ లాగ్", తెలిసిన తప్పుల చిట్టా. వేల ఎంట్రీలు. నేను చెప్పిన మూడింటిలో సరిగ్గా రెండో రకం.

2010లో జరిగింది ఇంకా బాధగా ఉంటుంది. 62 శాఖల్లో లెక్క తెర మీద సరిపోయినట్టు కనిపించి లోపల తేడాగా ఉండే బగ్ ఒకటి దొరికింది. దాని మీద పోస్ట్ ఆఫీస్, ఫుజిట్సు వాళ్ళు కూర్చుని మాట్లాడుకున్న నోట్స్ తర్వాత బయటపడ్డాయి. ఈ సంగతి తెలిస్తే శాఖలకు హొరైజన్ మీద నమ్మకం పోతుంది, నడుస్తున్న కేసుల మీద ప్రభావం పడొచ్చు, ఇక ముందు ప్రతి తేడానూ హొరైజన్ మీదకి నెట్టడానికి వాళ్ళ చేతికి ఆయుధం ఇచ్చినట్టవుతుంది. చెప్పకపోవడానికి రాసుకున్న కారణాలు ఇవీ. అదే ఏడాది అక్టోబరులో సర్రే కౌంటీలోని సబ్ పోస్ట్‌మాస్టర్ సీమా మిశ్రా మీద విచారణ జరిగింది. నవంబరులో 15 నెలల శిక్ష పడింది. అప్పుడామె గర్భవతి. ఆ బగ్ ఆమె శాఖను తాకిందని నేను అనడం లేదు. లెక్కలు తారుమారు చేసే తప్పులు ఈ వ్యవస్థలో పుడుతున్నాయని, వాటికి ఒక చిట్టా కూడా ఉందని జ్యూరీకి తెలియాల్సింది. తెలియలేదు.

తర్వాత 555 మంది సబ్ పోస్ట్‌మాస్టర్లు వేసిన దావాలో ఆ చిట్టా చేతికి రావడానికే పోరాడాల్సి వచ్చింది. అది వచ్చాక కథ తిరిగింది. 2019 డిసెంబరు 16న జస్టిస్ ఫ్రేజర్ ఇచ్చిన తీర్పు, పాత హొరైజన్ ఏమాత్రం గట్టిది కాదంది. బగ్‌లు లేవని పోస్ట్ ఆఫీస్ పట్టుబట్టడం ఈ శతాబ్దంలో భూమి బల్లపరుపుగా ఉందని వాదించడమేనంది. 2021 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు జో హామిల్టన్, సీమా మిశ్రాలతో సహా 39 మంది శిక్షలు కొట్టేసింది. 2024లో పార్లమెంటు చట్టం చేసి మిగతా వందల శిక్షలను ఒకేసారి రద్దు చేసింది. కొందరు ఆ రోజు చూడకుండానే పోయారు.

ఇది పరాయి దేశం గొడవ అనుకోవడానికి లేదు. మన దగ్గర కంప్యూటర్ లెక్కను కోర్టులో సాక్ష్యంగా పెట్టాలంటే ఒక ధ్రువపత్రం ఇవ్వాలి. ఇదివరకు సాక్ష్యాధార చట్టం 65బి సెక్షన్ కింద ఇచ్చేవారు, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఇస్తున్నారు. ఆ కాలంలో కంప్యూటర్ సరిగ్గా పనిచేసింది, ఒకవేళ చేయకపోయినా ఆ లెక్క దెబ్బతినలేదు అన్నది అందులో ఒక షరతు. సంతకం పెట్టేవాళ్ళలో బ్యాంకు మేనేజరో, ఆఫీసు సూపరింటెండెంటో ఉంటారు. ఆ సాఫ్ట్‌వేర్‌లో తెలిసిన బగ్‌లేమిటో వాళ్ళకు ఎవరు చెప్పారు? చెప్పనప్పుడు ఆ సంతకం దేని మీద ఆధారపడి ఉంది?

చిన్న కంపెనీల భయాన్ని నేను కొట్టిపారేయను. మా కంపెనీ జాబితా బయటపెట్టి ఉంటే పోటీ కంపెనీ సేల్స్ కుర్రాడు దాన్ని ప్రింట్ తీసుకుని యార్డులో ప్రతి కొట్టుకీ తిరిగేవాడే. వాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో బగ్‌లు లేక కాదు, వాళ్ళు చెప్పలేదు కాబట్టి. నిజం చెప్పినవాడే నష్టపోయే ఈ పరిస్థితి పోవాలంటే చెప్పడం అందరికీ తప్పనిసరి కావాలి. అది మొదలుపెట్టగలిగినవాళ్ళు పెద్ద కొనుగోలుదారులు. ప్రభుత్వ శాఖలు, బ్యాంకులు, ఆసుపత్రులు టెండరులోనే ఒక షరతు పెట్టొచ్చు: డబ్బు లెక్క, మందు మోతాదు, మార్కులు, భూమి రికార్డు, వీటిలో దేన్నైనా తప్పుగా చూపించే బగ్ నిర్ధారణ అయిన రోజే వాడేవాళ్ళందరికీ తెలియాలి, భద్రత బగ్ అయితే ప్యాచ్‌తో పాటు తెలియాలి. బటన్ రంగు తప్పు, అక్షరం పక్కకు జరగడం లాంటివి కంపెనీ ఇష్టం. లైసెన్సు కాగితంలో "ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం" అని రాసుకునే కంపెనీ, ఆ ఉన్నదేమిటో చెప్పాలి కదా.

దానికి పెద్ద వ్యవస్థ అక్కర్లేదు. సపోర్ట్ వాళ్ళ దగ్గర ఉన్నదాన్నే నాలుగు మాటల్లో, వాడేవాళ్ళ భాషలో రాస్తే చాలు. గుమాస్తాగారు ఫోన్ చేసిన రోజు మా జాబితాలో ఉన్నదాన్ని ఆయనకు ఇలా ఇవ్వగలిగేవాళ్ళం:

ఏం కనిపిస్తుంది: బిల్లులు విడివిడిగా సరిపోతాయి, రోజు మొత్తం మాత్రం కలవదు. తేడా ఏదో ఒక బిల్లు హమాలీ ఖర్చుకి సమానంగా ఉంటుంది.

ఎప్పుడు వస్తుంది: రద్దు చేసిన బిల్లును అదే రోజు మళ్ళీ ఎక్కించినప్పుడు.

ప్రస్తుతానికి ఏం చేయాలి: బిల్లును రద్దు చేయకుండా దిద్దండి. ఇప్పటికే రద్దు చేసి ఉంటే "రోజు మొత్తం మళ్ళీ లెక్కించు" నొక్కండి.

తప్పు ఎవరిది: మాది. మీ ఎంట్రీలు సరిగ్గానే ఉన్నాయి.